ఐదో అంతస్తు చెరువుకి తూము

భీమవరంలో మీరు ఎవరితోనైనా "మా ఇంట్లో చేప ఉందండీ" అని చూడండి. "ఎన్నెకరాలండీ?" అంటారు. ట్రాన్స్‌ఫర్ మీద ఆ ఊరొచ్చిన కొత్తలో నేనూ అన్నాను. "ఎకరాలు కాదండీ, గాజు తొట్టి. చేప కూడా ఒకటే" అని వివరించాను. అవతలాయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఫర్వాలేదండీ, మేవూ చిన్నగానే మొదలెట్టాం" అన్నాడు.

దాన్ని తినడానికి కాదు, చూసుకోవడానికి పెంచుతున్నామని నేను చెప్పలేదు. కొత్త ఊళ్లో నాలుగు రోజులు మర్యాదగా బతకాలి కదా.

ఆ చేప ఫ్లవర్‌హార్న్ అనే రకం. ఎర్రగా, బలిసి, నుదుటి మీద నిమ్మకాయంత బుడిపెతో ఉంటుంది. మా ఆవిడ హైమవతి దాన్ని మొదటిసారి చూడగానే, "అచ్చం మా నరసాపురం బాబాయి!" అంది. ఆ బాబాయి నుదురూ అంతే. అప్పట్నుంచీ చేప పేరు బాబాయి. సంగతి తెలిసి అసలు బాబాయి పనిగట్టుకుని వచ్చాడు. తొట్టి ముందు కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చుని, "రంగు నాకంటే కాస్త ఎక్కువే, ముక్కు మాత్రం నాదే బావుంది" అని తేల్చి వెళ్లాడు.

నవ్వులాటకి పెట్టిన పేరే గానీ హైమకి ఆ చేపంటే ప్రాణం. టైఫాయిడ్ తిరగబెట్టి ఆమె మంచం దిగని రోజుల్లో నేను కాలేజీలో లెక్కలు చెప్పుకుంటూ ఉంటే ఇంట్లో ఆమెకి తోడు అదొక్కటే. మంచంలోంచి అద్దం మీద వేలు పెడితే వచ్చి వేలి దగ్గర నిలబడేది. వేలు ఎటు పోతే అటు పోయేది. "నన్ను మళ్లీ లేపి కూర్చోబెట్టింది బాబాయే" అని ఆమె డాక్టరు ముందే అంటే, ఆయన కూడా కాదనలేదు. బాబాయి వచ్చాక హైమ చేపల కూర మానేసింది. నేనూ మానేశానని ఇంట్లో చెబుతాను.

ఈ జాతి చేప తిండిపోతు. తిన్నదంతా మళ్లీ ఆ నీళ్లకే అప్పజెబుతుంది. ఎన్నిసార్లు నీళ్లు మార్చినా మురికే. దీనికో ఉపాయం ఉంది. తొట్టి వెనక అద్దానికి పైమూల గుండ్రంగా ఒక చిల్లు పెట్టి పైపు బిగిస్తే, పైకొచ్చిన నీళ్లు కింద అరలో ఉన్న ఇంకో చిన్న తొట్టిలోకి దిగుతాయి. అక్కడ స్పాంజీల్లో వడకట్టుకుని, చిన్న మోటారుతో మళ్లీ పైకెక్కుతాయి. బాబాయి హాయిగా ఉంటాడు. మాకు బకెట్లు మొయ్యడం తప్పుతుంది.

ఒక ఆదివారం పొద్దున్నే పనిలోకి దిగాను. బాబాయిని బాత్రూములో పెద్ద బట్టల టబ్బులోకి మార్చాం. తొట్టిని ఖాళీ చేసి, పరుపు మీద బోర్లా పడుకోబెట్టాం. డ్రిల్లు మిషనుకి గుండ్రటి వజ్రపు బిట్టు తగిలించాను. చిల్లు పడాల్సిన చోట చుట్టూ చపాతీ పిండితో గట్టు కట్టి అందులో నీళ్లు పోశాను. నీళ్లు లేకపోతే అద్దం వేడెక్కి చిట్లుతుంది. గట్టిగా ఒత్తితే పగులుతుంది. హైమ గ్లాసుతో చుక్క చుక్కా నీళ్లు వదులుతూ, "మెల్లిగా, మెల్లిగా, అది అద్దమండీ, మీ స్టూడెంటు కాదు" అంటోంది. బిట్టు అద్దంలో సగం మందం దిగింది. ఇంతలో కాలింగ్ బెల్ మోగింది.

త్రిమూర్తులుగారు. మా పక్క ఫ్లాటు, మా అపార్ట్‌మెంటు సంక్షేమ సంఘానికి కార్యదర్శి. డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యారు. ఆయన రిటైరయ్యారు గానీ ఆయన భాష ఇంకా సర్వీసులోనే ఉంది.

"ప్రభాకరం గారూ, సదరు శబ్దము మీ ఫ్లాటు నుండి ఉత్పన్నమగుచున్నట్లు నా దృష్టికి వచ్చినది" అన్నారు.

దాచేదేముంది? లోపలికి రమ్మని అంతా చూపించాను. చిల్లు ఎక్కడ పడుతుందో, నీళ్లు ఎటు దిగుతాయో, మోటారు ఎలా ఎత్తిపోస్తుందో, పిల్లలకి చెప్పినట్టు చెప్పాను. ఆయన చపాతీ పిండి గట్టుని చూపుడు వేలితో నొక్కి చూశారు. ముఖం గంభీరమైపోయింది.

"గట్టు కలదు. తూము పెట్టుచున్నారు. కింద ఎత్తిపోతల పథకము కూడ కలదు. అయ్యా, ఇది చెరువు."

"గాజు తొట్టండీ" అన్నాను.

"తూము పడనంత వరకు తొట్టి. తూము పడిన ఉత్తరక్షణము చెరువు. అనుమతి లేని చెరువు."

నేను నవ్వబోయాను. ఆయన జేబులోంచి సంఘం నియమావళి తీశారు. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఈ నియమం వెనక ఒక చరిత్ర ఉంది. అంతకుముందు వర్షాకాలం మా సెల్లారులో మోకాలి లోతు నీళ్లు నిలిచాయట. ఇంకో ఊళ్లో అయితే మోటారు పెట్టి తోడేసేవారు. ఇది భీమవరం. ఎవరో ఆ నీళ్లలో రొయ్య పిల్లల్ని వదిలారు. స్కూటర్ల మధ్య రొయ్యలు బాగా ఎదిగాయి. తీరా తోడేటప్పుడు, రొయ్యలు వదిలినవాడివా, పార్కింగు స్థలం ఉన్నవాడివా అని కొట్లాట వచ్చి ఇద్దరికి తలలు పగిలాయి. అప్పుడు త్రిమూర్తులుగారు స్వయంగా కూర్చుని ఈ నిర్వచనం రాశారు: "చెరువు అనగా నీరు కలిగి, సదరు నీటియందు చేప గాని రొయ్య గాని జీవించుచు, సదరు నీరు వెలుపలికి పోవుటకు తూము కలిగియున్న ఏ స్థలమైనను." సంఘం అనుమతి లేకుండా ఎవరూ చెరువు పెట్టరాదు. పెట్టాలంటే నాలుగు సరిహద్దుల వారి సమ్మతి కావాలి.

లెక్కల మాస్టారిని కదా, నిర్వచనంలో లొసుగు వెతికాను. దొరకలేదు. నీళ్లున్నాయి, చేప ఉంది, నేను చిల్లు పెడుతున్నాను.

"సరే, దరఖాస్తు పెడతాను. ఈ సగం చిల్లు మాత్రం పూర్తి చేసుకోనివ్వండి" అన్నాను.

"వల్లకాదు. తుది ఉత్తర్వులు వెలువడు వరకు యథాతథ స్థితి కొనసాగించవలెను."

"సగం తెగిన అద్దమండీ! నీళ్లు పోస్తే ఎప్పుడు పగులుతుందో తెలీదు. చేప ఎక్కడుంటుంది?"

"చేప విషయమై నియమావళియందు ప్రస్తావన లేదు" అని ఆయన చెప్పులు తొడుక్కున్నారు.

మర్నాడు సాయంత్రం సంఘం అధ్యక్షులు సోమరాజుగారు స్థల పరిశీలనకి వచ్చారు. రెండొందల ఎకరాల చెరువుల ఆసామి. తెల్లచొక్కా, మెత్తటి మనిషి. ఆయన్ని చూసి నాకు కాస్త ధైర్యం వచ్చింది. చేపలతో బతికే మనిషి, ఒక చేప బాధ అర్థం చేసుకోకపోతాడా అనుకున్నాను. అర్థం చేసుకున్నారు. కాకపోతే ఆయన పద్ధతిలో.

"ఆయ్, చేపపిల్లల సీడు ఎక్కడినుంచి తెచ్చారండీ?" అన్నారు తొట్టి చుట్టూ తిరుగుతూ.

"సీడు కాదండీ. షాపులో ఒక్క చేప కొన్నాం."

"ఒక్కటే వేశారా! పోయినియ్యి పోగా ఏం మిగుల్తాదండీ మీకు?"

"ఒక్కటే మిగులుతుందండీ."

ఆయన జాలిగా నా వైపు చూశారు. తర్వాత బాత్రూములోకి వెళ్లి టబ్బులో ఉన్న బాబాయిని వంగి చూశారు. మనిషి నిజంగానే ముచ్చటపడ్డారు. "మంచి వాటం. ఇంతకీ పట్టుబడి ఎప్పుడు పెట్టుకున్నారండీ?" అన్నారు.

పట్టుబడి అంటే చెరువుని తోడేసి, వల లాగి, పంట పట్టెయ్యడం. హైమ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె ముఖం కందగడ్డ అయిపోయింది.

"బాబాయిని పట్టెయ్యడం ఏంటండీ? ఆయన మా మనిషి!"

సోమరాజుగారు కంగారుపడి, "తప్పమ్మా, ఆయన్నెందుకు పట్టుకుంటాం, చేప సంగతండీ నే చెప్పేది" అన్నారు. నేను విడమరిచి చెప్పబోతే హైమ కళ్లతోనే ఆపేసింది.

వెళ్తూ వెళ్తూ ఆయన అభయం ఇచ్చారు. "చేపల కల్చర్ చేసేవోణ్ణి మేం ఎప్పుడూ ఆపం అండీ. సరిహద్దోళ్ల చేత ఓ సంతకం పెట్టించుకోండి. చెరువన్నాక అది ఉంటాది కదా మరి."

మా సరిహద్దులు ఇలా తేలాయి. తూర్పున త్రిమూర్తులుగారి ఫ్లాటు. పడమర లిఫ్టు. పైన డాబా, అంటే సంఘం. కింద నాలుగో అంతస్తులో భ్రమరాంబగారు. త్రిమూర్తులుగారు పక్కింటాయన హోదాలో సమ్మతించి, కార్యదర్శి హోదాలో ఆ సమ్మతిని పరిశీలనకి స్వీకరించారు. లిఫ్టు సంతకం పెట్టలేదు కాబట్టి దాని తలుపుకి ఒక నోటీసు అంటించి, అభ్యంతరాలుంటే తెలపాల్సిందిగా గడువు ఇచ్చారు. ఆ గడువులో లిఫ్టు ఒకసారి రెండో అంతస్తులో ఆగిపోయింది. దాన్ని అభ్యంతరంగా భావించవలెనా అని ఆయన లిఫ్టు కంపెనీకి రాశారు.

భ్రమరాంబగారు మాత్రం ససేమిరా అన్నారు. ఆవిడ పుట్టింటివారికి వరిచేలు ఉండేవట. పక్కవాళ్లు చెరువులు తవ్వితే ఊట దిగి చేలన్నీ ఉప్పుదేలిపోయాయట. ఆ మంట ఇంకా ఆరలేదు.

"మీరు బాగా చదువుకున్నోరు, మీకు తెల్దని కాదు. పైన చెరువెడితే కింద చేను బతుకుద్దేటండీ? నా బాల్కనీలో పుదీనా ఉంది. చౌడుబారిపోతే మీరిస్తారా?"

"మధ్యలో సిమెంటు శ్లాబు ఉంది కదండీ. పైగా మాది మంచినీళ్లు."

"మొదట్లో అందరూ మంచినీళ్లనే అంటారండీ" అని ఆవిడ తలుపు వేసుకున్నారు. దిగువ ఆయకట్టుదారు అభ్యంతరము అని ఫైలులో ఎక్కింది.

ఇక్కడ టబ్బులో బాబాయి నీరసించిపోతున్నాడు. అంత పెద్ద చేపకి ఆ టబ్బులో తిరగడానికి చోటు లేదు. ఎరుపు వెలిసిపోయి పాత ఇటుక రంగుకొచ్చింది. నుదుటి బుడిపె దిగిపోయింది. మేత వేస్తే కిందికి పోయి పడి ఉంటుంది గానీ అతను నోరు తెరవడు. హైమ టబ్బు పక్కన పీట వేసుకుని కూర్చునేది. వేలు చూపిస్తే ఇదివరకు పరిగెత్తుకొచ్చేవాడు కాస్తా అక్కణ్నుంచే ఒకసారి చూసి ఊరుకునేవాడు.

"ఇలాగే ఉంటే చచ్చిపోతాడండీ" అంది ఒక రోజు. "నేను మంచంలో ఉన్నప్పుడు వాడు నా ఎదురుగా ఉన్నాడు. ఇప్పుడు వాడికి నేను ఒక చిల్లు పెట్టించలేకపోతున్నాను."

నాకూ ఏడుపొచ్చింది. ఏడవడం చేతకాక త్రిమూర్తులుగారి మీదికి వెళ్లాను. ఇదే నేను చేసిన బుద్ధితక్కువ పని. చేప ప్రాణం మీదికొచ్చింది, వచ్చి చూడండి అన్నాను. ఆయన వచ్చారు, చూశారు. టబ్బుని కాదు, టబ్బు పక్కన నేల మీద ఉన్న జాలీని.

"ఈ టబ్బులో నీరు ఎచటికి పారబోయుచున్నారు?"

"ఆ జాలీలోకేనండీ. బాత్రూము కదా."

ఆయన కళ్లు మూసుకుని నిర్వచనం ఒకసారి మననం చేసుకున్నారు. "నీరు కలదు. చేప కలదు. తూము కలదు. ప్రభాకరం గారూ, మీరు అనుమతి రాకుండానే రెండవ చెరువు ప్రారంభించియున్నారు."

బాత్రూముకి సీలు పడింది. తలుపుకి కాగితం అంటించి, దాని మీద సంతకం చేసి, సంతకం మీద సంఘం ముద్ర కొట్టారు. లోపల బాబాయి ఉన్నాడు, బయటికి తీసుకోనివ్వండని హైమ చేతులు జోడించింది.

"చెరువు నుండి చేపను తీయుట పట్టుబడి కిందికి వచ్చును తల్లీ. దానికి ప్రత్యేక అనుమతి కావలెను" అన్నారాయన. నిజం చెప్పాలంటే ఆయన గొంతులో కూడా బాధ ఉంది. నియమం లేకపోతే ఆయనా మంచివాడే.

మర్నాడు మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి బాత్రూము తలుపు బార్లా తెరిచి ఉంది. సీలు కాగితం నీట్‌గా ఊడదీసి ఫ్రిజ్ మీద పెట్టి ఉంది. టబ్బు ఖాళీ. హైమ సోఫాలో కూర్చుని తల దువ్వుకుంటోంది. చాలా రోజుల తర్వాత ఆమె ముఖం తేటగా ఉంది.

"బాబాయి ఏడీ?"

"పైన ఉన్నాడు" అంది.

పైన అంటే దేవుడి దగ్గరేమో అనుకుని నేను కూలబడ్డాను. ఆమె నా చెయ్యి పట్టుకుని డాబా మీదికి తీసుకెళ్లింది. అపార్ట్‌మెంటు మొత్తానికి నీళ్లిచ్చే పెద్ద సిమెంటు ట్యాంకు మూత పక్కకి జరిపింది. లోపల చల్లటి చీకట్లో, జీవితంలో ఎన్నడూ చూడనంత నీళ్లలో, బాబాయి ఈ గోడ నుంచి ఆ గోడకి షికారు చేస్తున్నాడు.

"హైమా! అందరూ తాగే నీళ్లు!"

"చేప ఉన్న నీళ్లు తాగి ఈ ఊళ్లో ఎవరికీ ఏమీ కాదు" అంది. తర్వాత కొంగు బిగించి నేరుగా త్రిమూర్తులుగారి తలుపు కొట్టింది.

"కార్యదర్శిగారూ, ఫిర్యాదండీ. డాబా మీద ట్యాంకులో నీళ్లున్నాయి, చేప ఉంది, కిందికి పెద్ద తూము ఉంది. అనుమతి లేని చెరువు. అది సంఘానిది. నోటీసు ఎవరికిస్తారో చెప్పండి."

ఇంకో మనిషైతే మా మీద కేకలేసి చేపని తీసి అవతల పారేసేవాడు. త్రిమూర్తులుగారు అలాంటి మనిషి కాదు. డాబా ఎక్కి, ట్యాంకులోకి తొంగి చూసి, నిర్వచనం చదువుకుని, అక్కడే ట్యాంకు మీద కాగితం పెట్టి, సంఘం కార్యదర్శికి నోటీసు రాశారు. రాసి తనే పుచ్చుకుని, అందినట్టు సంతకం చేశారు. ఆ నోటీసు చదివి ఆయనకి చెమటలు పట్టాయి. ఇంత కఠినంగా ఉంటుందని ఆయన ఊహించలేదు.

సోమరాజుగారు వచ్చారు. కార్యవర్గం డాబా మీదే కూర్చుంది. చెరువు చెరువు కాకుండా పోవాలంటే నీరో, చేపో, తూమో పోవాలి. చేపని తీస్తే పట్టుబడి. దానికి సరిహద్దుల సమ్మతి కావాలి. లిఫ్టు గడువు ఇంకా పూర్తి కాలేదు. నీళ్లు తోడేస్తే చేపా పోతుంది, అదీ పట్టుబడే. మిగిలింది తూము. త్రిమూర్తులుగారు లేచి, అందరూ చూస్తుండగా, వాల్వు తిప్పి తూము మూసేశారు. నియమావళి ప్రకారం ట్యాంకు మళ్లీ తొట్టి అయింది. నియమావళితో సంబంధం లేకుండా అపార్ట్‌మెంటులో కుళాయిలన్నీ ఎండిపోయాయి.

మొదట పైకొచ్చింది భ్రమరాంబగారు. ఆవిడ తలంతా కుంకుడు నురుగు. ఒక కన్ను మూసుకుపోయింది, రెండోది ఎర్రగా ఉంది.

"నీళ్లు ఎవరాపారు?"

త్రిమూర్తులుగారు పరిస్థితి సవివరంగా నివేదించారు. దిగువ ఆయకట్టుదారు అభ్యంతరము దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఆపేశారు.

"ఆ ఆయకట్టుదారుని నేనే కదండీ? నాకే అభ్యంతరం లేదు. పుదీనా పోతే పోయింది, నా కళ్లు పోయేలా ఉన్నాయి. ఎక్కడ పెట్టాలో ఆ చిల్లు పెట్టించండి ముందు!"

ఆవిడ వెనకే మెట్ల మీద మిగతా జనం. సబ్బు పట్టించిన గిన్నెలతో పనివాళ్లు, ముఖాల మీద సబ్బుతో మగవాళ్లు. సోమరాజుగారు గొంతు సవరించుకుని, చేప ఒక చెరువు నుంచి అనుమతి ఉన్న ఇంకో చెరువుకి వెళ్తే అది పట్టుబడి కాదు, బదిలీ అని తీర్మానం చదివారు. బదిలీ అనే మాట వినగానే త్రిమూర్తులుగారి ప్రాణం లేచొచ్చింది. ఉద్యోగంలో ఆయనకి బాగా అలవాటైన మాట అది. లిఫ్టు మౌనాన్ని అర్ధాంగీకారంగా తీసుకున్నారు. మా తొట్టికి అక్కడికక్కడే చెరువు అనుమతి మంజూరైంది.

తర్వాత మా ఇంట్లో ఒక అంగుళం చిల్లు కోసం అపార్ట్‌మెంటు మొత్తం పనిచేసింది. కొత్తగా పిండి కలిపి గట్టు కట్టింది భ్రమరాంబగారు. కుంకుడు కారుతున్న తలతోనే చుక్క చుక్కా నీళ్లు వదిలింది కూడా ఆవిడే. నేను ఊపిరి బిగబట్టి మిషను పట్టుకున్నాను. అడుగున సోమరాజుగారు అరచెయ్యి పెట్టి, ఊడిపడ్డ గాజు బిళ్లని పట్టుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు. రబ్బరు వాషర్లు వేసి పైపు బిగించాను. తొట్టి నింపుదామంటే కుళాయిల్లో నీళ్లు లేవు. వాల్వు తిప్పితే చేప ఉండగా తూము తెరిచినట్టవుతుంది. బకెట్టుకి తూము లేదు గనక బకెట్లతో తేవచ్చునని త్రిమూర్తులుగారు రూలింగ్ ఇచ్చారు. డాబా నుంచి మా హాలు దాకా మెట్ల మీద వరసగా నిలబడి బకెట్లు అందించుకున్నారు.

ఇక బదిలీ. సోమరాజుగారు ప్యాంటు మడిచి, విసురు వల పట్టుకుని తనే ట్యాంకులో దిగారు. ఆయన వల విసరడం చూడాలి, గొడుగు విచ్చుకున్నట్టు పడుతుంది. బాబాయి ప్రతిసారీ పక్కనుంచి తప్పుకుని, మూలకి పోయి ఆయన్ని చూస్తున్నాడు. చివరికి ఆయనే రొప్పుతూ పైకొచ్చారు. హైమ ట్యాంకు మీద బోర్లా పడుకుని చెయ్యి నీళ్లలో పెట్టింది.

"బాబాయ్, రా. ఇంటికెళ్దాం."

అతను వచ్చాడు. నెమ్మదిగా వచ్చి ఆమె అరచేతిలో నుదురు ఆనించి నిలబడ్డాడు. హైమ కళ్లలోంచి నీళ్లు ట్యాంకులో పడ్డాయి. సోమరాజుగారు తడిసిన చొక్కా పిండుకుంటూ, "రెండొందల ఎకరాలున్నాయండీ నాకు. ఒక్క చేపా నా చేతికిలా రాలేదు" అన్నారు.

కథ ఇక్కడితో అయిపోవాలి. మామూలు మనుషులైతే అయిపోయేదే. ఇది సంఘం.

మళ్లీ ఇలాంటి ప్రమాదం రాకుండా నిర్వచనాన్ని సవరించాలని సర్వసభ్య సమావేశం పెట్టారు. ఇంత గొడవకీ కారణం తూము కాబట్టి తూము తీసెయ్యాలని ఒకరన్నారు. తీసేశారు. ట్యాంకు అడుగున చేప కదలకుండా ఉంటే బతికుందో లేదో ఎవరు తేలుస్తారు, పేచీ వస్తుందని ఇంకొకరన్నారు. 'జీవించుచు' కొట్టేశారు. తొట్టి, టబ్బు, ట్యాంకు, బకెట్టు అన్నీ కలిసొచ్చేలా 'స్థలము' బదులు 'పాత్ర' అని పెట్టారు. ఆఖరికి తేలింది ఇది: "చెరువు అనగా నీరు, చేప కలిసియున్న ఏ పాత్రయైనను."

నేను లేచి, "ఒక్కసారి ఆలోచించండి, నిర్వచనం మరీ పెద్దదైపోతోంది" అన్నాను.

"చిన్నదైనదండీ. మూడు వరుసలుండేది, ఒక్క వరుసకు కుదించితిమి" అన్నారు త్రిమూర్తులుగారు. హాలు నవ్వింది. తీర్మానం ఏకగ్రీవం. నాకు ఒళ్లు మండింది గానీ, అపార్ట్‌మెంటు మొత్తంలో చెరువు అనుమతి ఉన్నది మా ఒక్కరికే కదా అని కూర్చున్నాను.

ఆ వచ్చే ఆదివారం మధ్యాహ్నం అపార్ట్‌మెంటంతా మసాలా వాసన. భీమవరంలో ఆదివారం ఇంకే వాసన వస్తుంది? మా బెల్ మోగింది. తలుపు తీస్తే త్రిమూర్తులుగారు. మనిషి వాడిపోయి ఉన్నారు. పెదాలు ఎండిపోయాయి. చేతిలో కాగితం.

"ప్రభాకరం గారూ, మా ఆవిడ నేడు కొరమేను పులుసు పెట్టినది. వడ్డించుకొనబోవుచుండగా నా దృష్టికి వచ్చినది. సదరు దాకయందు నీరు కలదు. చేప కలదు." ఆయన గుటక వేశారు. "అనుమతి లేని చెరువు. నేనే పంచనామా జరిపితిని."

నేను నోరెళ్లబెట్టాను. "ఎవరూ చూడలేదు కదండీ. తినెయ్యండి."

"నియమము నేనే వ్రాసి, నేనే తినివేయుటా!" అని నొచ్చుకున్నారు. "అందరి సమ్మతులు తెచ్చితిని. తూర్పున ఆకాశము, దానితో పేచీ లేదు. దిగువ వారు సంతకము చేసిరి. పైన సంఘము, అనగా నేనే. పశ్చిమ సరిహద్దుదారుగా మీ ఇంటివారి సంతకమొక్కటే శేషము. ముక్క చల్లారుచున్నది."

నాకు నిజంగా జాలేసింది. పెన్ను తీశాను. హైమ వచ్చి నా చేతిలోంచి ఆ కాగితం తీసుకుంది. ఆమె వెనక తొట్టిలో బాబాయి తళతళలాడుతూ మేత కోసం అద్దాన్ని గుద్దుతున్నాడు. చిల్లులోంచి నీళ్లు సన్నగా కిందికి దిగుతున్నాయి. ఆమె కాగితం మొదటి నుంచి చివరి దాకా ఒక్క అక్షరం వదలకుండా చదివింది. మడిచి ఆయన చేతిలో పెట్టేసింది.

"అభ్యంతరం ఉందండీ" అంది.

ఆయన రికార్డు కోసం జేబులోంచి పెన్ను తీసి, "కారణమేమని వ్రాసుకొనమందురు తల్లీ?" అన్నారు వినయంగా.

"ఆ దాకలో ఉన్నది ఎవరి బాబాయో ముందు విచారించి రండి" అని హైమ తలుపు వేసేసింది.